కారు కింద బూట్లు

ఆ వీధిలో ఎవరికైనా కడుపులో మాట మోయలేనంత బరువైతే తిన్నగా చివరింటి షెడ్డు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. అక్కడ ఒక పాత కారు కింద నుంచి రెండు బూట్లు బయటికి కనిపిస్తూ ఉండేవి. పక్కనే బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి. దాని మీద కూర్చుని, ఆ బూట్లకేసి చూస్తూ, చెప్పుకోవలసిందంతా చెప్పుకునేవాళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత. ఆ వీధిలో మాత్రం ఎవరు చించుకున్నా పడేది ఆయన కాళ్ళ మీదే.

ఆయన్ని అందరూ బూట్ల బాబాయ్ అనేవారు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పంపు ఆపరేటరు. ఉద్యోగమంతా పంపు చప్పుడు వింటూ కూర్చోవడమే. చప్పుడు మారితే లేవాలి, మారకపోతే లేవక్కర్లేదు. వినీ వినీ వినడమే ఆయన స్వభావమైపోయింది. ఇంటికొస్తే కారు. అది నాలుగు చక్రాలూ లాగే రకం. చాలా కార్లలో రెండు చక్రాలు లాగుతుంటే మిగతా రెండూ బద్ధకంగా వెంట దొర్లుతాయి. దీనిలో నాలుగూ పనిచేస్తాయి. పనిచేసేవాళ్ళకి తిండి ఎక్కువ కదా, దీనికీ అంతే. ముందు గేరుపెట్టెలో ఒక నూనె, నడుమ ఇంకొకటి, వెనక చక్రాల మధ్య ఉండే గుండ్రటి డిఫరెన్షియల్‌లో మరొకటి. వాటిని వర్క్‌షాపు వాళ్ళకి వదలకుండా, చలి ముదరకముందే ఏటా తనే మార్చుకునేవాడు. ఆ పని లేని రోజుల్లో కూడా ఏదో ఒక వంక పెట్టుకుని కిందే ఉండేవాడు. పైన ఏముంది, అనేవాడు.

కింద నుంచి ఆయన మాట్లాడడు. చేతిలో పానా ఉంటుంది, దానితో పక్కనున్న ఇనప స్టాండు మీద కొడతాడు. ఒక దెబ్బ కొడితే విన్నాను, ఇంకా చెప్పు అని. రెండు కొడితే విషయం అర్థమైంది, ఏం కాదు, లేచి పని చూసుకో అని. అంతే ఆయన భాష. తర్వాత ఎక్కడా ఎవరి గురించీ పెదవి విప్పడు. ఎవరైనా కూపీ లాగితే, “కింద విన్నది కిందే,” అనేవాడు. అందుకే మొహాలకి చెప్పుకోలేనివన్నీ ఆ బూట్లకి చెప్పుకునేవారు.

అయితే ఈ కథ ఆయనది కాదు, ఆయన భార్యది.

ఆవిడని సూదుల పిన్ని అంటారు. ఇంటి ముందు గదిలో ఆల్టరేషన్ల దుకాణం. పొడుగు పాంట్లు పొట్టివి చేయడం, బిగుతు చొక్కాలు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం. పెదాల మధ్య వరసగా గుండుసూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చుతూ పనిచేస్తుంది. నోట్లో సూదులు ఉన్నంతసేపే ఆవిడ మౌనం, అవి అయిపోయాయంటే పారిపొమ్మని వీధిలో వేళాకోళం. మనిషి బంగారం, అందులో సందేహం లేదు. ఎవరింట్లో జ్వరమన్నా ముందు పరిగెత్తేది ఆవిడే. పరిగెత్తి, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే, వానలో తిరగమని నీకెవరు చెప్పారని రోగిని దులిపేసేది. ముందు తిట్టి తర్వాత అడిగే రకం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడకి ఊరంతా మంచిదే, పేచీ అంతా ఆ నోటితోనే.

ఆ నోటి వల్లే అక్క దూరమైంది. వాళ్ళు ఇద్దరే అక్కచెల్లెళ్ళు. పెద్దావిడది పైన కొండ మీద చిన్న టౌను. వాళ్ళమ్మ చివరి జబ్బులో దగ్గరుండి చూసుకున్నది ఆవిడే. వారాల తరబడి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక తెల్లవారుజామున కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి తల్లి ప్రాణం పోయి ఉంది. కబురు విని వచ్చిన చెల్లెలు గుమ్మంలో నిలబడి, ఇంటినిండా జనం వింటుండగా, “నిద్రపోయావా? అమ్మని ఒంటరిగా పంపించేసి నువ్వు నిద్రపోయావా?” అంది. అక్క ఒక్క మాట తిరిగి అనలేదు. అని ఉంటే బాగుండేది, ఇద్దరూ పోట్లాడుకుని, ఏడ్చుకుని, సర్దుకునేవాళ్ళు. అనకుండా తలదించుకుంది. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి గానీ ఆవిడ కొండ దిగలేదు, ఈవిడ కొండ ఎక్కలేదు.

అన్నది తప్పని పిన్నికి ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే తెలుసు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోగలమా? అక్క ఊసు ఇంట్లో ఎవరైనా ఎత్తితే చాలు, ఆవిడ మెషీను మీద పడి చక్రం గిరగిరా తిప్పేసేది. దాంతో అందరూ ఎత్తడం మానేశారు.

ఇప్పుడు కూతురు కూడా మౌనంలోకి వెళ్ళిపోయింది. అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. కొన్ని నెలలుగా షాపుకి సెలవొచ్చిందంటే చాలు, పొద్దున్నే కారు తీసుకుని వెళ్ళిపోతుంది, దీపాలు పెట్టే వేళకి వస్తుంది. ఎక్కడికే అంటే, ఊరికే అలా తిరిగొచ్చానమ్మా అంటుంది. పిన్ని బుజ్జగించి చూసింది, కసిరి చూసింది, అలిగి ఒక పూట పస్తు కూడా ఉండి చూసింది. పిల్ల నోరు విప్పలేదు. పోనీ ఎవరికీ చెప్పడం లేదా అంటే, అదీ కాదు. దుకాణం కిటికీలోంచి ఆవిడ కళ్ళారా చూసింది, డబ్బా మీద కూర్చుని వాళ్ళ నాన్న బూట్లకి ఏదో చెబుతోంది. పానా ఒకసారి మోగింది, మళ్ళీ ఒకసారి మోగింది. ఆయన బయటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఏం చెప్పిందండీ అని అడిగింది. కింద విన్నది కిందే, అన్నాడు.

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. “దాన్ని నేను కన్నానా, ఆ బూట్లు కన్నాయా?” అని అడిగేసింది.

కోపమైతే అలా తీర్చుకుంది గానీ లోపల ఉన్నది భయం. ఈ నోరే అక్కని పోగొట్టింది. ఇప్పుడు కూతుర్ని కూడా పోగొట్టేలా ఉంది. పిల్ల ఎక్కడికి వెళుతోందన్నది కూడా ఆవిడకి అంత పెద్ద సంగతి కాదు. దానికి అమ్మతో చెప్పుకోవాలని ఎందుకు అనిపించదు? ఈ ఒక్క ప్రశ్న ఆవిడని సూదిలా పొడుస్తూనే ఉండేది.

అలాంటి రోజుల్లో కారు వెనక నుంచి సన్నటి మోత మొదలైంది. బండి వేగం పుంజుకుంటే హుమ్మని మూలుగు. వెనక డిఫరెన్షియల్ నూనె మార్చాలని బాబాయ్ విన్న మరుక్షణం చెప్పేశాడు. మార్చడానికి మాత్రం ఆయనకి భుజం సహకరించడం లేదు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. చొక్కా తొడుక్కోవాలన్నా భార్యే చెయ్యి పట్టుకుని దూర్చాలి. ఇంక వర్క్‌షాపుకి ఇచ్చేద్దాం అన్నాడాయన, కుర్చీలో కూర్చుని తన బూట్లకేసి దిగులుగా చూసుకుంటూ. ఆ చూపు పిన్ని భరించలేకపోయింది. నేను మారుస్తాను, పక్కన కూర్చుని చెప్పండి చాలు అంది. ఇనప జిప్పులు ఊడదీసే చేతికి బోల్టు ఒక లెక్కా అని కూడా అంది.

ఆదివారం పొద్దున్న పిన్ని ఆయన పాత పాంటు వేసుకుని, కిందంచులు మడిచి సూదులు గుచ్చుకుంది. ఆయన బూట్లు ఆవిడకి పెద్దవి, లోపల గుడ్డపీలికలు కూరింది. ముందు ఆయన బండిని కాసేపు తిప్పుకొచ్చాడు, నూనె వెచ్చబడితేనే సాఫీగా దిగుతుందని. నాలుగు స్టాండ్ల మీద బండిని సమంగా నిలబెట్టించాడు. ఒక పక్క ఎత్తయినా లోపలి నూనె మట్టం దొంగలెక్క చెబుతుంది. స్టాండ్లు కదలడం లేదని ఒకటికి నాలుగుసార్లు తోసి చూశాక గానీ ఆవిడని దూరనివ్వలేదు.

కింద లోకమే వేరు. ఇన్నేళ్ళు ఆయన చూస్తున్నది ఇదా అనుకుంది పిన్ని. నల్లటి గొట్టాలు, ఎండిన బురద, ముక్కుకి జానెడు దూరంలో గుమ్మడికాయంత ఇనప పెట్టె. దానికి రెండు బోల్టులు. పైది నూనె పోసేది, కిందది వదిలేది. కిందది ముట్టుకోబోతే డబ్బా మీద నుంచి ఆయన వద్దన్నాడు. ముందు పైది తియ్యాలి. కిందది తీసి నూనెంతా వదిలేశాక పైది బిగుసుకుపోయి రాకపోతే, పొయ్యడానికి దారి ఉండదు, బండి షెడ్డులోనే సన్యాసం పుచ్చుకుంటుంది. సరే అని పైది పట్టింది. అది రానంది. ఆవిడ దాన్ని రెండు తిట్లు తిట్టి పానాని బూటుతో తన్నింది. వచ్చింది. తర్వాత కిందది తీసి ట్రే పెట్టింది. నల్లటి నూనె కుళ్ళిన గుడ్డు కంపు కొడుతూ ధారగా దిగింది.

ఆ బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. లోపల అరిగిన ఇనప పొడినంతా పట్టి ఉంచుతుంది. బాబాయ్ దాన్ని అందుకుని ముద్దని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ముక్కలేమీ లేవు, పొడే, కాకపోతే మామూలుకన్నా ఎక్కువ వచ్చింది అన్నాడు. బోల్టు తుడిచి వెనక్కి ఇస్తూ, ఉన్నట్టుండి నాలిక కరుచుకున్నాడు. కింది బోల్టు తీసిన ప్రతిసారీ దాని కింద కొత్త రాగి వాషరు వెయ్యాలి, లేకపోతే సందులోంచి నూనె ఊరుతుంది. అది తేవడం మరిచిపోయాడట. స్పేరు పార్టుల షాపు మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది, ఇప్పుడే వెళ్ళి తెస్తానని లేచాడు. నువ్వు కదలకు, బొట్టు బొట్టూ కారనీ అన్నాడు. కదలమన్నా ఆవిడ కదిలేలా లేదు. నడుము పట్టేసింది, ఒకసారి బయటికొస్తే మళ్ళీ దూరడం తన వల్ల కాదు.

ఆయన అడుగులు వీధి మలుపు దాటాయి. పిన్ని వెల్లకిలా పడుకుని నూనె చుక్కలు ట్రేలో పడుతుంటే వింటూ ఉంది. ఊసుపోక చక్రాలు చూసింది. మూడు టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. వెనక ఎడమ పక్కది మాత్రం కొత్తది, దాని గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి. ఇదెప్పుడు వేశారు చెప్మా అనుకుంటుండగా చెప్పుల చప్పుడు వినిపించింది. చప్పుడు షెడ్డులోకి వచ్చింది. డబ్బా కిర్రుమంది.

“నాన్నా,” అంది కూతురు.

నేనే, మీ నాన్న బజారుకెళ్ళాడు అని చెప్పాలి. చెప్పడానికే పిన్ని నోరు తెరిచింది. కానీ ఆ పిలుపు ఆవిడ ఎన్నడూ వినని పిలుపు. అంత మెత్తగా, అంత అలసటగా ఆ పిల్ల తనని ఎప్పుడూ పిలవలేదు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో ఆవిడ దొంగే. నోట్లో సూదులు పెట్టుకున్నట్టు పెదాలు బిగించింది. చెయ్యి చాపి పానాతో స్టాండు మీద ఒక దెబ్బ కొట్టింది. ఆ దెబ్బ కాస్త వంకరగానే మోగింది.

అమ్మాయి డబ్బాని కాస్త ముందుకి జరుపుకుంది. తర్వాత మొదలుపెట్టింది. వెనక మోత తన వల్లేనంది. ఆ మధ్య కొండ దారిలో రాయి కోసుకుని ఎడమ టైరు పక్క చీలిపోయిందట. పై టౌనులో ఒక్క టైరు కొని వేయించేసింది. ఈ కారుకి నాలుగు టైర్లూ ఒక్కసారే మార్చాలని, ఒకటి కొత్తదై మూడు అరిగినవైతే చక్రాలు ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకుని లోపల గేర్ల పళ్ళు నలిగిపోతాయని చిన్నప్పటి నుంచీ విన్న పిల్లే. తెలిసే చేసింది. నాలుగూ మార్పించాలంటే ఎక్కడ పగిలిందో చెప్పాలి. చెబితే కొండ మీద నీకేం పని అంటుంది అమ్మ.

కొండ మాట వినగానే పిన్ని చెవులు రిక్కించింది. కొండ మీద తమవాళ్ళంటూ ఉన్నది ఒక్కరే. పానా మళ్ళీ మోగింది.

“షాపుకి ఒక కళ్ళజోడు రిపేరుకొచ్చింది నాన్నా. ఎవరో కొండ మీది నుంచి పంపించారట. దాని కాలు విరిగితే ఊదారంగు దారంతో కట్టి ఉంది. ఆ చుట్టడం చూడగానే నాకు ఒళ్ళు జల్లుమంది. మనింట్లో ఏది విరిగినా నువ్వు...” ఒక్క క్షణం ఆగింది. “అమ్మ అలాగే చుడుతుంది. మూడు చుట్లు అడ్డంగా, ఒకటి మధ్యలోంచి. అలా చుట్టేవాళ్ళు ఇంకొకళ్ళు ఎవరుంటారు?”

అలా చుట్టడం ఇద్దరికీ వాళ్ళమ్మే నేర్పింది. పిన్ని కళ్ళు మూసుకుంది.

ఆ కళ్ళజోడు తనే తీసుకెళ్ళి ఇచ్చిందట అమ్మాయి. తీరా చూస్తే అద్దాలు మార్చి లాభం లేదు, పెద్దమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి వస్తే ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలియదు. అప్పటి నుంచీ సెలవు రోజుల్లో వెళ్ళి, ఆవిడని కంటి ఆసుపత్రికి తిప్పుతోంది. ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చారు. తీరా ఆ రోజు వెళితే రక్తపోటు ఎక్కువుందని వాయిదా వేశారు. మళ్ళీ ఎల్లుండికి ఇచ్చారు. ఈసారి కూడా అంతే అయితే, ఇంకా ముదరబెట్టుకుంటే చూపు మీద ఆశ వదులుకోవలసిందేనని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

“మందులు వేసుకుంటోంది నాన్నా. మందుల వల్ల కాదట. నిద్ర లేక. పెద్దమ్మ రాత్రిళ్ళు పడుకోదు. మంచం ఉంది, పరుపుంది, కుర్చీలోనే కూర్చుంటుంది. ఎన్నేళ్ళుగానో అంతేనట. ఎందుకు పెద్దమ్మా, కాసేపు నడుం వాల్చొచ్చుగా అంటే నవ్వుతుంది. ‘పడుకుంటే మీ అమ్మ తిడుతుందే’ అంటుంది.”

నూనె చుక్క ఒకటి పిన్ని చెంప మీద పడింది. ఆవిడ తుడుచుకోలేదు. వెల్లకిలా పడుకున్న మనిషి ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆ ఒక్క మాట ఏ గుమ్మంలో అన్నదో, ఆ గుమ్మం, ఆ జనం, తలదించుకున్న అక్క, అన్నీ ఆ ఇనప పెట్టె కిందికి వచ్చి మొహం మీద కూర్చున్నాయి. తను తిట్టి మరిచిపోవాలని చూసింది. అక్క ఆ తిట్టుని రోజూ రాత్రి కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంది.

“అమ్మకి చెప్పాలని నాకు ప్రతిసారీ ఉంటుంది,” అంది పిల్ల గొంతు. “అమ్మ చెడ్డది కాదు. కానీ నేను సగం చెప్పేలోపే అందుకుంటుంది. మిగతా సగం నా నోట్లోనే ఉండిపోతుంది నాన్నా.”

ఎన్నో నెలలుగా పిన్ని అడుగుతున్న ప్రశ్నకి జవాబు అదే. ఇంత చిన్నదని ఆవిడ అనుకోలేదు.

పైన డబ్బా మీద మనిషి ఎదురుచూస్తోంది. పానా మోగాలి. ఒకటి కొట్టాలా, రెండు కొట్టాలా? ఏం కాదు, లేచి పని చూసుకో అని కొట్టడానికి చెయ్యి రాలేదు. ఏం కాకపోవడం ఏమిటి, అంతా అయ్యే ఉంది. ఆవిడ చెయ్యి లేచి, స్టాండుని తాకి, అక్కడే ఆగిపోయింది.

అప్పుడు బండి అంచు కిందికి కూతురి చెయ్యి వచ్చింది. అరచేతిలో చిన్న కాగితం పొట్లం. అందులో ఎర్రగా మెరుస్తూ కొత్త రాగి వాషరు.

“ఇదిగో అమ్మా. నాన్న బజార్లో కనిపించి ఇచ్చి పంపించాడు.”

 పిన్నికి అలవాటు కొద్దీ కోపం తన్నుకొచ్చింది. దొంగదానా అని అరుద్దామనుకుంది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. బోల్టు తీస్తే వాషరు మార్చాలని కలలో కూడా మరిచిపోని మనిషి, పనిముట్లన్నీ ముందు రోజే గుడ్డ మీద పరుచుకునే మనిషి, ఇవాళే ఎలా మరిచిపోయాడు? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. నువ్వు కదలకు అన్నాడు కూడాను.

పొట్లం మీద ఉన్న కూతురి చేతిని ఆవిడ తన నూనె చేత్తో పట్టుకుంది.  పిల్ల చెయ్యి లాక్కోలేదు. అలా ఎంతసేపున్నారో గానీ ట్రేలో చుక్కలు పడడం ఆగిపోయింది.

తర్వాత పని ఉంది కాబట్టి పని చేశారు. కింది బోల్టుకి వాషరు వేసి ఆవిడ బిగించింది. అమ్మాయి పైన కూర్చుని చేతిపంపుతో కొత్త నూనె కొట్టింది. తేనె రంగు నూనె గొట్టంలోంచి ఎక్కి, పెట్టె నిండి, పై రంధ్రం అంచు మీంచి సన్నగా జారింది. చాలు అంది పిన్ని. కథ మొత్తంలో ఆవిడ అంత తక్కువ మాట్లాడిన గంట ఇంకొకటి లేదు. పై బోల్టు కూడా బిగించి, బయటికి పాకి, కూతురి భుజం పట్టుకుని లేచింది. మొహమంతా మసి, ఆ మసిలో కళ్ళ నుంచి చెవుల దాకా రెండు తెల్లటి చారలు.

బాబాయ్ అప్పుడే తీరిగ్గా వచ్చాడు. ఆ చారల్ని చూశాడు, చూడనట్టే బండి చుట్టూ తిరిగాడు. వీధి చివరి దాకా ఒకసారి తిప్పి మోత తగ్గిందేమో చూద్దామా అన్నాడు.

“వీధి చివర తిప్పితే ఏం తెలుస్తుందండీ?” అంది పిన్ని. “కొండ ఎక్కితే గానీ తెలీదు.”

 ఆయన బండి దించడానికి జాక్ అందించాడు. నిదానంగా పొమ్మని, తిరిగొచ్చాక నాలుగు టైర్లూ మార్పిద్దామని కూతురికి చెప్పాడు. బట్టలు మార్చుకోవా అమ్మా అని పిల్ల అడిగితే పిన్ని తల అడ్డంగా ఊపింది. బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళితే మనసు కూడా మార్చుకుంటానేమోనని ఆవిడ భయం. మడతలకి సూదులు గుచ్చిన పాంటుతో, పీలికలు కూరిన బూట్లతో, అలాగే ఎక్కి కూర్చుంది.

దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. ఆ రోజు నాకు ఒళ్ళు తెలియలేదక్కా అని మొదలుపెట్టాలా? నువ్వెందుకు ఒక్క మాటైనా తిరిగి అనలేదు అని అడగాలా? ఒక్కో మలుపుకి ఒక్కో మాట అనుకుంది. మోత తగ్గిందమ్మా అని మధ్యలో కూతురు చెప్పింది గానీ ఆవిడకి వినిపించలేదు.

అక్క ఇల్లు మెట్ల మీద. తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన అదే కుర్చీ. జుట్టంతా నెరిసిన మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పిన్ని అనుకున్న మాటలన్నీ గుమ్మంలోనే అయిపోయాయి. బూట్లు టకటకమంటూ రెండడుగులు వేసి ఆగింది. కుర్చీలోని మనిషి కళ్ళు చికిలించి ఆ బూట్లకేసి, ఆ పాంటుకేసి చూసింది.

“ఎవరూ, మరిదా?” అంది. తర్వాత ఆశగా, “ఒక్కడివే వచ్చావా?” అంది.

పిన్ని వెళ్ళి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. “నేనేనక్కా,” అంది.

అక్క చేతులు తడుముకుంటూ ఆవిడ మొహం మీదికి వచ్చాయి. నుదురు, చెంపలు, గడ్డం. జిడ్డు తగిలి ఒక్క క్షణం ఆగాయి. ఏమిటే ఈ కంపు అంది అక్క. మళ్ళీ తడమసాగింది.

“నువ్వు పడుకో అక్కా,” అంది పిన్ని. “నేను మేలుకుని కూర్చుంటాను.”

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద పరుచుకుని ఉంది. పెద్దావిడ మంచం వైపు మొహం తిప్పింది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది.

“తిట్టవుగా?”

పిన్ని తల అడ్డంగా ఊపింది. అక్కకి అది కనిపించదని గుర్తొచ్చి, “తిట్టను,” అంది.

చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించింది. దుప్పటి కప్పింది. అక్క గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒకటి రెండుసార్లు పెద్దగా ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఊపిరి నెమ్మదించింది. పిన్ని ఆ కుర్చీని మంచం పక్కకి జరుపుకుని కూర్చుంది. మెట్ల మీద నుంచి కూతురు లోపలికి తొంగిచూసి, బూట్లయినా విప్పమ్మా అని సైగ చేసింది. పిన్ని వద్దని చెయ్యి ఊపింది. విప్పితే చప్పుడవుతుంది. కాళ్ళు కదపకుండా, నోట్లో ఒక్క గుండుసూదైనా లేకుండా, చీకటి పడేదాకా ఆవిడ అలాగే కూర్చుంది.